అమ్మకానికి కాని పొట్టేలు

"పొయ్యి ముట్టియ్యనంటే ముట్టియ్య! బీరప్ప సొత్తు అమ్ముకున్న ఇంట్ల బువ్వ ఎట్ల దిగుతది మీకు?"

జానమ్మ కొట్టం గడపలో కూలబడి లోపలి మూలకేసి చూస్తూ అరుస్తోంది. ఆ మూలలోనే పడుకునేది పొట్టేలు. ఇప్పుడక్కడ నలిగిన గడ్డి మాత్రం ఉంది.

ఇంటిల్లిపాదీ నల్లగొండ పక్కన పానగల్లుకు పోయారు. కోడలి తమ్ముడు ప్రేమ్‌సాగర్ పెండ్లి. చర్చిలో ప్రమాణాలు విని, విందు తిని, నిన్న పొద్దుగూకే వేళకు కొత్తకోట దాపునున్న తమ ఊరు చేరేసరికి పని అయిపోయింది. ఆర్డరు వచ్చింది, బండి వచ్చింది, కాపలాకు పెట్టిన గాలయ్య ఫోనులోని బొమ్మను మందలోని ముఖాలతో పోల్చి చూసి పొట్టేలును ఎక్కించి పంపాడు. కొత్తగా కుదిరిన మనిషి. అతనికేం తెలుసు, అది దేవునికి మొక్కిన జీవమని?

ఆమె భర్త బీరన్న వసారాలో మంచం మీద కూర్చున్నాడు. వేళ్ల మధ్య బీడీ ఉంది కానీ ముట్టించలేదు. గొర్రెల బేరంలో తల నెరిసిన మనిషి. సంతలో ముందు నోరు తెరిచినవాడే ధరలో ముందు దిగుతాడని చిన్ననాడే నేర్చుకున్నాడు. ఇవాళ ఇంట్లోనూ ఆ బుద్ధినే పట్టుకుని కూర్చున్నాడు.

అరుగు మీద కోడలు కోమల, ఒళ్లో ల్యాప్‌టాప్. కొడుకు రాజేశ్ ఆమె నెత్తిమీద నిలబడ్డాడు.

"ఆర్డర్ క్యాన్సిల్ చెయ్."

"కాదు."

"ఎందుకు కాదు?"

"క్యాన్సిల్ బండెక్కేదాక్నే. బండెక్కినంక వెనక్కి వచ్చే దారి నేను రాయలే."

"ఎందుకు రాయలే?"

"నువ్వే వద్దన్నవ్. ఎక్కిన జీవాన్ని దింపుకుంటమంటే కొనేటోడు మనలను నమ్మడన్నవ్."

తన మాట తనకే ఎదురొస్తే మనిషి గొంతు పెంచుతాడు. రాజేశూ పెంచాడు.

"సరే, నేనే అన్న. ఇప్పుడు లోపలికి పోయి నువ్వే చేత్తోని మార్చు. నువ్వు కట్టిన సైటే గదా అది!"

"మారుస్త." కోమల తల ఎత్తలేదు. "తెర మీద పొట్టేలు మన మందలకు వస్తది. కొట్టంలకు రాదు."

ఆ మాటకు జానమ్మ మళ్లీ ఖాళీ మూలకేసి చూసింది.

సైటు పేరు 'మన మంద'. పెండ్లయి ఈ ఇంటికొచ్చిన ఏడాదే కోమల దాన్ని కట్టింది. షాద్‌నగర్ దగ్గర ఒక కంపెనీకి ఆమె చేసే ఉద్యోగం కూడా ఆ పనే. బీరన్న ఒకసారి అడిగాడు, అదెట్ల నడుస్తదని. ఆమె అతనికి తెలిసిన లెక్కలోనే చెప్పింది.

"సంత జాగా ఎట్లుంటది మామా? దడులు ముందే కట్టి ఉంటయ్. గేటు ఉంటది, కాంటా ఉంటది. మనం జీవాలు తోలుకపోతే చాలు. ఈ సైటుల గూడ గంతే. జాంగో అని ఒక ఫ్రేమ్‌వర్క్ ఉన్నది. దడులూ గేటూ అదే ఇస్తది. ఎవడు లోపలికి రావాలె, ఏ జీవం ఏ దడిల ఉండాలె, అది మనం రాయాలె. కొనేటోడు అడిగినప్పుడల్లా అప్పటికప్పుడు చూసి పేజీ తయారుచేసి చూపెడతది."

"అప్పటికప్పుడా? ముందే రాసిపెట్టినది కాదా?"

"కాదు. పొద్దున ఒకటి అమ్ముడువోతే, మధ్యాహ్నం అడిగినోనికి అది కనబడదు."

బీరన్నకు నచ్చింది. అమ్ముడుపోయినదాన్ని మళ్లీ చూపించని అంగడి అతను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఎక్కడో ముంబైలో కిరాయికి తీసుకున్న మిషను, ఎండా వానా లేకుండా, తిండి అడగకుండా అతని మందను చూపిస్తూ కూర్చుంది. చుట్టుపక్కల ఊళ్ల గొల్లలూ కురుమలూ తమ జీవాలనూ అందులో ఎక్కించమని అతని వాకిలికి వచ్చారు. దళారి లేని బేరం. లాభం లాభమే, పేరు పేరే.

ఆ లాభానికి నిన్న నష్టం వచ్చి కూర్చుంది.

"ఎవరెక్కించిన్రో దీన్ని, చూపెట్టు," అన్నాడు రాజేశ్.

కోమల ఏదో నొక్కి తెరను అతని వైపు తిప్పింది. పొట్టేలు ఫోటో. కింద, ఎక్కించిన వారి పేరు: కోమల. అమ్మకానికి ఉందా: ఉంది.

"ఇగో. నీ పేరే ఉన్నది."

"ఉంటది. ఎవరు రాసిన్రో రాసుకుంటది. ఎవర్ని అడిగి రాసిన్రో రాసుకోదు."

"మరి అడగకపోతివా?"

"అడిగిన."

"ఎవర్ని?"

కోమల వసారా వైపు చూసింది. ఎక్కువసేపు కాదు. బీరన్న బీడీ కొసను గోరుతో సరిచేశాడు.

"ఇడ్సిపెట్టు," అంది ఆమె.

"ఇడ్సిపెట్టుడేంది? అడిగితే ఏం చెప్పిన్రు?"

"ఏం చెప్పలే. ఏం చెప్పకపోతే అమ్మకానికే అని రాసిపెట్టిన. మంద అంతటికి ఒక్కొక్కదానికి టిక్కు పెట్టుకుంట కూసోలేక, ఊకె ఉంటే 'ఉంది' అనేటట్టు పెట్టిన. వద్దన్నవాటికే తీసేద్దామనుకున్న. ఎవరు ఏదీ వద్దనలే."

రాజేశ్ చేతులు గాలిలోకి విసిరి దొడ్డి వైపు పోయాడు.

బొమ్మలు తీసిన రోజు బీరన్నకు కళ్లకు కట్టినట్టే ఉంది. మంద నడుమ కోమల ఫోను పట్టుకుని ఒక్కొక్క జీవానికీ బొమ్మ తీస్తోంది. గాలయ్య చెవులు పట్టి నిలబెడుతున్నాడు. పొట్టేలు వంతు రాకముందే ఆమె అతని వైపు తిరిగి అడిగింది.

"మామా, మందల అమ్మేటియి కానియి ఏమన్న ఉన్నయా? చెప్తే వాటికి వేరే పెడుత."

బీరన్న భుజం మీది తువ్వాల దులిపాడు. "ఈ యేడు గడ్డి మంచిగ పడ్డది బిడ్డా," అన్నాడు.

చెప్పకపోవడానికి అతనికి కారణం ఉంది. నీలి నాలుక రోగం వచ్చి రోజుకిన్ని జీవాలు తలలు వాల్చేసిన ఏడు, మంద నిలబడితే మిగిలిన తల్లికి పుట్టే మొదటి పొట్టేలు నీదేనని బీరప్పకు మొక్కాడు. మంద నిలబడింది. అలా మొక్కిన జీవాన్ని ఈ ఇంట్లో లెక్కలో కలపరు. పండుగ డోలు మోగేదాకా గుర్తు పెట్టరు. అమ్మడం అనే మాట దాని పక్కన నోట రానియ్యరు. 'ఇది అమ్మేది కాదు' అన్నా బేరంలోకి దించినట్టే. అతని తండ్రి అట్లే నడిచాడు, తాతా అట్లే నడిచాడు. ఇన్నాళ్లూ ఇబ్బంది రాలేదు, ఎందుకంటే అమ్మేది బీరన్న ఒక్కడే. అతని చేయి ఆ పొట్టేలు మీద ఎన్నడూ పడదు. ఇప్పుడు అమ్మేది మిషను. దానికి చేతులే లేవు, ఆగడమెట్లా?

ఇదంతా చెప్పొచ్చు. అడిగింది, నేనే ఊకున్న అని ఒక్క మాట. కానీ ఆ మాట ధర అతనికి తెలుసు. బీరప్ప గుడి పెద్దల్లో తను ఒకడు. మొక్కు మొక్కింది తను. ఫోటో తీయనిచ్చింది తను. మాట బయటపడితే దేవుని సొత్తును కాపాడలేని వాని వాకిట్లోకి రేపు ఏ గొల్ల తన మంద తోలుకొస్తాడు? కోడలి మీద పడితే మాత్రం నాలుగు తిట్లతో పోతుంది. ఆమె చదువుకున్న పిల్ల, తట్టుకుంటుంది. పైగా ఆమె వేరే పూజ ఇంటి పిల్ల, తెలియలేదంటే లోకం నమ్ముతుంది.

లెక్క సరిపోయింది. అయినా బీడీ ముట్టించబుద్ధి కాలేదు.

మధ్యాహ్నం మైసయ్య వచ్చాడు. గుడి పెద్దల్లో అందరికన్నా పెద్దవాడు. వచ్చే ఆదివారం పండుగ. చేతికర్ర గోడకు ఆనించి మంచం మీద కూర్చున్నాడు, నీళ్లు తాగాడు, చల్లారిన పొయ్యిని చూశాడు, అప్పుడు నోరు తెరిచాడు.

"విన్నది నిజమేనా బీరన్నా?"

"నిజమే మైసన్నా."

"మా కాలంల పండ్లు చూసి, నడుము తట్టి కొంటుంటిమి. ఇప్పుడు ఫోటో చూసి ఒప్పుకునుడే. పెండ్లి చూపులు నయం గదరా, కనీసం చాయన్న పోస్తరు!" నవ్వుతున్నట్టే అని, నవ్వు మధ్యలోనే కోమల వైపు తిరిగాడు. "అమ్మా, మీ ఇండ్లల్ల మొక్కులుండయా?"

"ఉంటయి పెద్దయ్యా. మాకు గూడ దేవునికి ఇచ్చినదాన్ని వాపస్ తీసుకునుడు లేదు."

"మరి మా దేవుని దగ్గరికి వచ్చేసరికి ఏమాయె?"

"తాతా, ఆమెకు తెల్వదు," అని రాజేశ్ అడ్డం వచ్చాడు. పొద్దుటినుంచి భార్య మీద అరిచినవాడే, బయటివాడు అనేసరికి ఆమె పక్కకు జరిగాడు.

"తెల్వకపోతే అడగాలె."

కోమల పెదవి విప్పబోయింది. ఆమె ఏమనుకుందో ఏమో, అత్తగారి వైపు చూసి ఊరుకుంది. జానమ్మ నిన్నటి నుంచి మంచినీళ్లు తప్ప ముట్టలేదు. గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది.

"ముందుగాల పొట్టేలు ఎక్కడున్నదో చూడున్రి," అన్నాడు మైసయ్య. "కోసిన్రా, బతికున్నదా?"

"బతికే ఉన్నది," అంది కోమల. "కొన్నాయన పేరు వెంకటేశ్. షాద్‌నగర్. పొద్దుటినుంచి చేస్తున్న, ఎత్తుతలేడు. ఇంతకుముందే మెసేజ్ పెట్టిండు, దొడ్లనే ఉన్నదని. యజమానితోని మాట్లాడ్తా అన్నడు."

"ఆ మాట ఇప్పుడు చెప్తున్నవా!" జానమ్మ కళ్లు తెరిచింది.

"ఇప్పుడే వచ్చింది అత్తమ్మా."

ఫోను మంచం మీద పెట్టి స్పీకరు నొక్కింది. అందరూ దాని చుట్టూ వంగారు, పురిటి బిడ్డను చూసినట్టు.

"నమస్తే వెంకటేశన్నా. మన మంద నుంచి కోమలను. మా మామ మాట్లాడ్తడు."

"ఆఁ, చెప్పు బీరన్నా. పొట్టేలు మస్తుగున్నది. ఏంది కత?"

"తమ్మీ, అది పొరపాటున వచ్చింది. దేవునికి మొక్కినది. వాపస్ కావాలె. పైసలు పంపుతం, బండి కిరాయి గూడ మేమే పెట్టుకుంటం. ఇంకో పొట్టేలు కావాల్నంటే మందల ఏది చూపెడితే అది."

అవతల గొర్రెల అరుపులు వినిపించాయి. జానమ్మ ఆ అరుపుల్లో తన దాన్ని వెతుక్కుంటున్నట్టు చెవి ఒగ్గింది.

"పైసల మాట కాదు బీరన్నా. నేను ఒకరికి మాట ఇచ్చిన. రేపు వాళ్ల దావత్. గీ పొట్టేలునే చూసి సంబరపడ్డరు. ఇప్పుడు లేదంటే నా నోరు ఏమైతది? నువ్వు గూడ సంతల పెరిగినోనివే."

"నిజమే తమ్మీ."

"నేను దేవుని సొమ్ము తినేటోణ్ణి గూడ కాదు. అందుకే ఒక్క మాట అడుగుత. నువ్వు అమ్మనన్నంక నీ ఇంట్లోళ్లు నీకు తెల్వకుండ అమ్మిన్రనుకో, అది దొంగసొమ్ము లెక్క. నాకొద్దు. వాళ్ల కాళ్లన్న మొక్కి నీది నీకిస్త. కాని నీ ముందల్నే అమ్మకానికి వెట్టి, నువ్వు కాదనకుంట ఊకున్నవనుకో, అది అమ్మినట్టే. అడిగిన కాడ కాదనకపోతే ఒప్పుకున్నట్టు. గీ ముచ్చట నీకు నేను చెప్పాల్నా?"

"వద్దు."

"అయితె చెప్పు. ఇది అమ్మేది కాదని నీ కోడలికి ముందే చెప్పినవా, లేదా?"

మైసయ్య కర్ర అందుకున్నాడు. జానమ్మ రెండు చేతులూ జోడించింది, భర్తకో దేవునికో తెలియదు. రాజేశ్ తండ్రి ముఖంలోకి చూస్తున్నాడు. కోమల మాత్రం చూడలేదు. ఫోను జారిపోకుండా ఒక వేలితో పట్టుకుని నిలబడింది.

బీరన్న జీవితంలో ఎన్నో బేరాలు చేశాడు. ప్రతి బేరంలోనూ నడుమ ఒక చోటుంటుంది, ఇద్దరూ కొంచెం కొంచెం జరిగి కలుసుకునే చోటు. దానికోసం వెతికాడు. లేదు. నిజం చెబితే పొట్టేలు పోతుంది, మొక్కు పోతుంది, జానమ్మ ముద్ద ముట్టదు, తన పెద్దరికం తన వాకిట్లోనే మట్టి కరుస్తుంది. అబద్ధం చెబితే పొట్టేలు ఇంటికొస్తుంది. ఒక దిక్కు అన్నీ, ఇంకో దిక్కు ఈ పిల్ల.

"చెప్పిన," అన్నాడు.

"కోడలు ఆడ్నే ఉన్నదా? ఏమ్మా, మామ నీకు చెప్పిండా? తర్వాత నాతోని ఎవరు లొల్లి పెట్టొద్దు, అందుకే అడుగుతున్న."

కోమల ఇప్పుడు తలెత్తింది. మామను చూసింది. బీరన్నకు తప్పించుకునే జాగా దొరకలేదు, కళ్లు అక్కడే చిక్కాయి. కోపం ఉంటుందనుకున్నాడు. లేదు. అంగడి ఎత్తేసే వేళ మిగిలిన సరుకును చూసుకునే మనిషి చూపు అది.

"చెప్పిండు," అంది.

"అయితే అయిపాయె. రేపు పొద్దుగాల బండి పంపున్రి. దావత్‌కు నేను ఇంకోటి చూసుకుంట."

ఫోను ఆగిపోయింది. జానమ్మ ఏడ్చేసింది, ఏడుస్తూనే లేచింది, లేచి పొయ్యి దగ్గరికి నడిచింది. పుల్లలు విరిచిన చప్పుడు. ఇంటిమీది పొద్దుటి బరువు దిగిపోయిందని బీరన్న ఊపిరి పీల్చుకున్నాడు. ఇక నాలుగు తిట్లు. అంతే కదా.

మైసయ్య ఇంకా లేవలేదు.

"బీరన్నా."

"చెప్పు మైసన్నా."

"ఇంతసేపు నేను, పోనీ తెల్వని పిల్ల అనుకున్న. తెల్వక చేసినదానికి నీళ్లు చల్లుకొని దండం పెడితే పోతది. కాని నువ్వు చెప్పినవంటివి. ఆమె గూడ చెప్పిండంటున్నది. అంటే తెలిసి అమ్మింది."

ఆ లెక్క బీరన్న వేయలేదు. ఎంతో దూరం చూసే వ్యాపారి, కాలి కింది గుంట చూడలేదు.

"తెలిసేం కాదు మైసన్నా... యాది మరిచి ఉంటది..."

"మరిచిందో, మన దేవుడంటే లెక్కలేక చేసిందో, లోపల ఎవరు చూసిన్రు? రేపు పదిమంది నన్నడుగుతరు. పండుగ అయ్యేదాక ఈ పిల్ల ఇంట్ల ఉండుడు మంచిది కాదు. తల్లిగారింటికి తోలు. అటెనుక కూసోని మాట్లాడుదాం. ఆమె కట్టిన అంగడి గూడ అప్పటిదాక బందు పెట్టున్రి."

"తాతా, ఇదేం న్యాయం?" రాజేశ్ ముందుకొచ్చాడు.

"న్యాయం మీ నాయిన నోట్లకెల్లే వచ్చింది బిడ్డా. నేను తేలే." మైసయ్య కర్ర ఊతంగా లేచాడు. "రేపు పొట్టేలు దిగినంక కబురు చెయ్యున్రి."

అతను వాకిలి దాటాడు. కోమల ల్యాప్‌టాప్ తెరిచి వేళ్లు ఆడించింది. కాసేపటికి తెరమీది మంద పోయి ఒక్క వాక్యం మిగిలింది, అమ్మకాలు ఆపాం అని. కట్టడానికి ఎన్ని రాత్రులు మేల్కొందో బీరన్నకు తెలుసు. ఆపడానికి బీడీ కాల్చినంత సేపు కూడా పట్టలేదు.

ఆమె లోపలికి పోయి సంచి సర్దుకుంది. రాజేశ్ గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు.

"నువ్వెందుకు పోవాలె? నేను మాట్లాడ్త."

"మాట్లాడు. నేను ఉంటె ఎవరు మాట్లాడనియ్యరు."

"నాయిన నిజంగ చెప్పిండా నీకు?"

"అడగకు."

"కోమలా!"

"ఇప్పుడు కాదంటే పొట్టేలు రాదు. అత్తమ్మ మళ్ల పొయ్యి ఆర్పుతది. జరుగు, బస్సు పోతది."

జానమ్మ వంటింట్లోంచి బయటికొచ్చింది. చేతికి పిండి అంటుకుని ఉంది. పొద్దుటినుంచి నోటికొచ్చిందల్లా అన్న మనిషికి సంచి చూడగానే మాట తడబడింది.

"రొట్టె అయితాంది... తిని పో బిడ్డా."

"వద్దత్తమ్మా. మీరు తినున్రి."

ఆ 'తినున్రి'లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అందుకే జానమ్మ అక్కడే నిలబడిపోయింది.

బీరన్న వాకిలి దాకా వెంట వెళ్లాడు. ఏదో ఒకటి అనాలి. పెద్దవాడు, మామ. "బిడ్డా..." అన్నాడు.

కోమల చెప్పులు తొడుక్కుంటూ ఆగింది. అతను తరువాతి మాట తెస్తాడేమోనని ఆగింది. రాలేదు.

"వెంకటేశన్న నంబరు, దొడ్డి ఎక్కడున్నదో రాజేశ్ ఫోనుకు పంపిన మామా," అంది. "పొద్దున ఎండ కాకముందే తోలుకొచ్చుకోన్రి. దూరం రావాలె, నీళ్లు పెట్టున్రి దానికి."

రాజేశ్ జీవాలను తోలే ట్రాలీ ఆటోలో ఆమెను కొత్తకోట బస్టాండుకు తీసుకుపోయాడు. బండి మలుపు తిరిగేదాకా బీరన్న అట్లే నిలబడ్డాడు. లోపల జానమ్మ రొట్టెలు కొడుతోంది, ఒకటే తాళం, ఎక్కడా ఆగకుండా. ఆకలి వేస్తున్నదని అతనికి తెలిసింది. ఆ ఆకలికి సిగ్గేసింది.

సాయంత్రం గాలయ్య మందను తోలుకొచ్చాడు. అదే వేళకు రాజేశ్ బస్టాండు నుంచి తిరిగొచ్చాడు. గాలయ్య మీద పొద్దుటి కోపం ఇంకా తీరలేదు. బండి దిగుతూనే అతని మీద పడ్డాడు.

"నీకేం పుట్టింది గాలయ్యా? ఎక్కించే ముందు ఒక్క ఫోను చెయ్యకపోతివా?"

"చేసిన రాజన్నా. పెండ్లి బ్యాండుల పెద్దయ్య ఎత్తలే. అయినా గని, ఏదీ వద్దనలే గదా పెద్దయ్య!"

"ఎప్పుడు?"

"ఫోటువలు తీసిన్నాడు. నేనే చెవులు పడితిని. అమ్మేటియి కానియి ఉన్నయా మామా అని అక్క అడిగింది. పెద్దయ్య గడ్డి మంచిగ పడ్డదన్నడు. నేను గూడ అనుకున్న, అన్ని అమ్మేటియే అని." అతను జీవాలను దొడ్లోకి తోలుకుంటూ పోయాడు. తను ఏం పడేసి పోయాడో అతనికి తెలియదు.

రాజేశ్ చాలాసేపు తండ్రినే చూశాడు. అరుస్తాడని బీరన్న ఎదురుచూశాడు. అరిస్తే బాగుండేది. అరుపుకు అరుపుతో జవాబు చెప్పొచ్చు.

"నాయినా, గాలయ్య చెప్పింది అబద్ధమా?"

దొడ్లో గొర్రెలు ఒకదాన్నొకటి నెట్టుకుంటున్నాయి.

"అబద్ధమైతే అబద్ధమను. పొద్దుగాల షాద్‌నగర్ పోయి పొట్టేలును తెస్త. మళ్ల ఈ ముచ్చట ఎత్తనే ఎత్త. నిజమైతే ఆమె ఇంక మహబూబ్‌నగర్ గూడ చేరలే. ఆడ బస్సు మారాలె. ఇప్పుడు బయలెల్లితే అందుకుంట."

"పొట్టేలు..." అన్నాడు బీరన్న. అతనికి వినపడింది తన గొంతేనా అని అనుమానం వచ్చింది.

"పొట్టేలు పోతది. తెలుసు నాకు."

రాజేశ్ జేబులోంచి ఫోను తీశాడు. కోమల పంపిన నంబరు నొక్కి తండ్రి అరచేతిలో పెట్టాడు. బీరన్న వద్దనేలోపే అవతల రింగు పోతోంది. వంటింటి గుమ్మంలో జానమ్మ రెండు కంచాలు పట్టుకుని నిలబడింది. ఎప్పటినుంచి నిలబడిందో తెలియదు. గాలయ్య మాట విన్నదో లేదో ఆమె ముఖం చెప్పడం లేదు.

"హలో, ఎవరు? బీరన్నా?" అంది వెంకటేశ్ గొంతు. "దావత్ వాళ్లకు ఇంకోటి చూపెట్టిన. ఒప్పుకున్నరు. మీ దాన్ని పక్కకు కట్టేసిన. బండి ఎన్నింటికి వస్తది?"

రాజేశ్ బండి ఎక్కి ఇంజను స్టార్టు చేశాడు. చేసి, కదలకుండా తండ్రి పెదవుల వైపే చూస్తూ కూర్చున్నాడు.

"హలో... బీరన్నా, ఉన్నవా?"